కిష్టారం నుంచి విశ్వవిద్యాలయం గడప ఎంత దూరం?

కిష్టారం పేరుతో రెండు ఊళ్ళున్నాయి. ఒకటి ఖమ్మం జిల్లా సత్తుపల్లి మండలంలో ఉంది. సింగరేణి బొగ్గు గని వల్ల ఆ పేరు అప్పుడప్పుడు పత్రికల్లో కనిపిస్తుంది. రెండోది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, బస్తర్ అడవిలో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉంది. దాని పేరు పత్రికకెక్కిందంటే అక్కడ నెత్తురు చిందిందనే అర్థం. 2018 మార్చి 13న ఆ ఊరి దగ్గర మందుపాతర పేలి 9 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. మనలో చాలామంది ఆ వార్తతోనే బస్తర్ కిష్టారం పేరు మొదటిసారి విన్నారు.

ఖమ్మం వైపూ కోయలున్నారు, సుక్మా వైపూ కోయలున్నారు. అటువైపు వాళ్ళలో కొందరిని దొర్లలని పిలుస్తారు. మాటలో కొద్ది తేడాలున్నా ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది. గట్టులు కలుస్తాయి, వేల్పులు కలుస్తాయి, పెళ్ళి సంబంధాలు సరిహద్దు చూసుకోవు. అయినా ఇటువైపు కోయ పిల్ల విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెడితే ఎస్టీ సర్టిఫికెట్ జతచేస్తుంది. అటు నుంచి చంకలో బిడ్డగా వచ్చి ఇటు పెరిగిన కోయ పిల్ల ఆ గడి ఖాళీగా వదిలేస్తుంది.

కొన్నేళ్ళ క్రితం గోదావరి ఒడ్డు గూడెంలో ఇంటర్ పాసైన అలాంటి అమ్మాయి ఒకతె నన్ను ఒక ప్రశ్న అడిగింది. సర్టిఫికెట్ కోసం మూడుసార్లు తిరిగి, "మీది వేరే రాష్ట్రం" అన్న జవాబు విని వచ్చిన రోజది. "సారూ, నేను కోయను కానా?" అంది. "నువ్వు కోయవేనమ్మా, కాగితమే కాదంటోంది" అన్నాను. లా చదివినవాణ్ణి కాబట్టి ఆ కాగితం ఎందుకు కాదంటోందో నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆ అమ్మాయి ముఖంలోకి చూడగలిగానని చెప్పలేను.

ఈ మధ్య ప్రతి విశ్వవిద్యాలయమూ సమ్మిళిత విద్య గురించీ, వైవిధ్యం గురించీ మాట్లాడుతోంది. మాట మంచిదే. కానీ ఒక విశ్వవిద్యాలయంలో ఎవరుంటారన్నది దాని గేటు దగ్గర తేలే సంగతి కాదు. పల్లె బడిలో, ఆ బడి మాట్లాడే భాషలో, తహసీలు ఆఫీసులో చాలా ముందే తేలిపోతుంది. ఈ మూడు చోట్ల ఏం జరిగిందో చరిత్రలో చూద్దామనే ఈ వ్యాసం.

నలందా గేటు, నాగార్జునకొండ శాసనం

ముందు మన ఇంటి చరిత్రే చూసుకుందాం. విశ్వవిద్యాలయం అనగానే మనం నలందా పేరు గర్వంగా చెబుతాం. 7వ శతాబ్దంలో అక్కడ చదువుకున్న హ్యూయన్ త్సాంగ్ దాని ద్వారం గురించి కూడా రాశాడు. బయటి నుంచి వచ్చినవారిని ద్వారం దగ్గర కఠినమైన ప్రశ్నలు అడిగేవారు. పదిమందిలో ఏడెనిమిది మంది జవాబు చెప్పలేక వెనుదిరిగేవారు. ఆ ద్వారం కులం అడగలేదు, జ్ఞానమే అడిగింది. అది గొప్ప సంగతే. అయినా జ్ఞానాన్ని మాత్రమే అడిగే ద్వారం కూడా ఒక ప్రశ్నను వెనక్కి నెడుతుంది. ఆ జ్ఞానం అంతకుముందు ఎవరికి అందింది? శాస్త్రం నేర్పే గురువు ఊళ్ళో లేనివాడు నలందా ద్వారం దాకా వచ్చే అవకాశమే లేదు. వెనుదిరిగినవాళ్ళ లెక్క హ్యూయన్ త్సాంగ్ రాశాడు. బయల్దేరనే లేనివాళ్ళ లెక్క ఏ యాత్రికుడూ రాయలేడు.

దీనికి పక్కనే మరో జ్ఞాపకం పెట్టుకుందాం. క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పాలనలో, నాగార్జునకొండ దగ్గర బోధిసిరి అనే ఉపాసిక ఒక చైత్యగృహం కట్టించి, తామ్రపర్ణి అంటే సింహళ భిక్షు ఆచార్యులకు దానం చేసింది. ఆ ఆచార్యుల బోధ చేరిన దేశాలను శాసనం పేరుపేరునా చెబుతుంది. కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగ, వనవాసి, దమిళ దేశాలు అందులో ఉన్నాయి. వాటి నడుమ చిలాత అనే పేరు కూడా ఉంది. చిలాతులంటే కిరాతులని పండితులు చెబుతారు. అడవి, కొండ మనుషులకు ఆనాటి పేరది. సంస్కృత కావ్యాల్లో కిరాతుడంటే వేటగాడు, మోటువాడు. ఒక తెలుగు ఉపాసిక చెక్కించిన రాతిమీద మాత్రం అతని నేల కాశ్మీరం, చీనా పక్కన సమానంగా నిలబడింది.

బోధిసిరి నాటి మన విహారాల్లో చదువు ఎలా సాగిందో పూర్తిగా చెప్పడానికి ఆ ఒక్క శాసనం చాలదు. కానీ ధమ్మం ఎవరెవరిని తన లెక్కలో కలుపుకుందో అది చెబుతోంది. బస్తర్ కూడా ఆ లెక్కకు బయట లేదు. ఉత్తర బస్తర్‌లోని భోంగాపాల్‌లో ఇటుకలతో కట్టిన చైత్యం శిథిలాలు, బుద్ధ విగ్రహం దొరికాయి. ఛత్తీస్‌గఢ్ మైదానంలోని సిర్పూర్‌లో పెద్ద విహారాలు బయటపడ్డాయి. హ్యూయన్ త్సాంగ్ కోసల దేశం మీదుగా ఆంధ్రకు వచ్చాడు. ఇవాళ మనం రెండు రాష్ట్రాలుగా చూస్తున్న నేల మీదుగా చదువు ఒకప్పుడు కాలినడకన ప్రయాణించింది.

భాష సంగతి కూడా మన వినయపిటకంలో ఉంది. చుల్లవగ్గలో ఇద్దరు అన్నదమ్ములైన భిక్షువుల కథ వస్తుంది. వాళ్ళు పుట్టుకతో బ్రాహ్మణులు, మంచి మాటకారులు. రకరకాల కులాల నుంచి, గోత్రాల నుంచి వచ్చిన భిక్షువులు తమతమ మాటల్లో బుద్ధవచనాన్ని పాడుచేస్తున్నారని, దాన్ని ఛందస్సులో పెడతామని తథాగతుణ్ణి అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. సొంత భాషలోనే నేర్చుకోమన్నాడు. సొంత భాష అంటే బుద్ధుడి మాగధి అని బుద్ధఘోషుడు వ్యాఖ్యానించాడు. ఎవరి భాషలో వారు అని ఆధునిక పండితుల్లో చాలామంది చెబుతారు. కథ నడిచిన తీరు చూస్తే రెండో అర్థమే నాకు సరిగా తోస్తుంది. రకరకాల మనుషులు రావడమే అక్కడ ఫిర్యాదు. ఆ మనుషులను మార్చకుండా ఫిర్యాదునే తోసిపుచ్చడం ఆయన జవాబు.

మనుషులు కదలలేదు, గీతలు కదిలాయి

ఇప్పుడు ఆ నేల మీద గీసిన గీతల సంగతి. 1860లో బ్రిటిష్ వాళ్ళు ఎగువ గోదావరి జిల్లాను ఏర్పాటు చేశారు. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు అందులో, అంటే సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేవి. పక్కనున్న బస్తర్ సంస్థానం కూడా సెంట్రల్ ప్రావిన్సెస్ పర్యవేక్షణలోనే ఉండేది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. శబరి ఒడ్డున ఉన్న కోయలకు ఆనాడు పాలకులు మారారు. ఊరు మారలేదు.

ఆ తర్వాత బస్తర్ 1948లో సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్‌లో, 1950లో మధ్యప్రదేశ్‌లో, 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్‌లో భాగమైంది. 2012లో సుక్మా వేరే జిల్లా అయింది. ఇటువైపు భద్రాచలం ప్రాంతం 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఇలా ఒక్క సంత చుట్టూ తిరిగే కోయలు ఇప్పుడు మూడు రాష్ట్రాల పౌరులు. ఈ మార్పుల్లో ఏ ఒక్కటీ వాళ్ళనడిగి చేసింది కాదు.

ఈ గీతలన్నీ చదువుకు అడ్డం వచ్చాయి. గీత ఇటు ఉంటే బడిలో తెలుగు, అటు ఉంటే హిందీ. ఇంట్లో కోయ మాట, సంతలో తెలుగు మాట విని పెరిగిన కిష్టారం పిల్లకు బడిలో మొదటి రోజు వినిపించేది మూడో భాష.

మార్లవాయి నేర్పిన పాఠం

ఇది మొదటి నుంచీ తప్పదా అంటే, కాదు. మన తెలుగు నేల మీదే దీనికి వేరే దారి ఒకసారి కనిపించింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాతే గోండుల కష్టాలేమిటో తెలుసుకోవాలని సర్కారుకు తోచింది. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయి గూడెంలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. కొద్దోగొప్పో అక్షరం వచ్చిన గోండు యువకులనే ఎంపిక చేసి ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దారు. గోండి మాటలను దేవనాగరి లిపిలో పెట్టి వాచకాలు తయారుచేశారు. పిల్లలు ముందు తమ భాషలో చదివి, తర్వాత మిగతా భాషలకు వెళ్ళారు. హైమెన్‌డార్ఫ్ ఆ తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా కూడా పనిచేశారు. అడవి గూడెంలోని గుడిసె బడికీ, హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయానికీ మధ్య కొన్నేళ్ళపాటు ఒక దారి ఉండింది.

ఆ దారి వెడల్పు కాలేదు. ఎందుకు కాలేదో ఉస్మానియా చరిత్రలోనే కొంత జవాబుంది. 1918లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయం ఆంగ్లంలో కాక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పుతున్నందుకు గర్వపడింది. ఆ గర్వం న్యాయమైనదే. కానీ ఆ భాష ఉర్దూ. సంస్థానంలో ఎక్కువమంది మాట్లాడింది తెలుగు, మరాఠీ, కన్నడ. గోండి, కోయ అయితే లెక్కలోకే రాలేదు. దేశీయ భాష అన్నంత మాత్రాన అది అందరి భాష అయిపోదు.

అదే హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ చేసిన పని మనవాళ్ళందరికీ తెలుసు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. 1910 నుంచి అంటరాని కులాల పిల్లల కోసం బడులు తెరిచారు. రాజభాష ఉర్దూ అయినా ఆ బడుల్లో తెలుగులో చదువు చెప్పించారు. విశ్వవిద్యాలయం తమ పిల్లల్ని పిలిచేదాకా ఆయన ఎదురు చూడలేదు. పిల్లలు ఆ గడప దాకా నడవగలిగేలా కింది మెట్లు ముందు కట్టారు.

బాబాసాహెబ్ కూడా అదే చేశారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెరిచారు. 1950లో రెండో కళాశాలకు ఆయన ఎంచుకున్నది ఆనాటి హైదరాబాద్ రాష్ట్రంలో వెనుకబడిన మరాఠ్వాడా. ఔరంగాబాద్‌లోని ఆ కళాశాలే మిళింద్. చదువును అది లేని చోటికి తీసుకువెళ్ళడం ఆయన ఎంచుకున్న దారి. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేట్ ఇచ్చి గౌరవించింది. ఆ సంగతి మనం ఏటా తలచుకుంటాం. మిళింద్ ఎక్కడ, ఎవరి కోసం పెట్టారో కూడా అంతే తలచుకోవాలి.

బడి యుద్ధభూమి అయినప్పుడు

కిష్టారం వైపు కింది మెట్లు ఏమయ్యాయి? 2005లో దక్షిణ బస్తర్‌లో సల్వా జుడుం మొదలైంది. ఊళ్ళు ఖాళీ చేయించి జనాన్ని దొర్నపాల్, ఎర్రబోర్, కుంట వంటి చోట్ల శిబిరాల్లో పెట్టారు. శిబిరాలకు పోనివాళ్ళు అడవిలోకి పోయారు, లేదా గోదావరి వైపు వచ్చారు. కొన్ని బడుల్లో బలగాలు దిగాయి. బలగాలు దిగుతాయని మావోయిస్టులు చాలా బడి భవనాలను కూల్చేశారు. ఇద్దరికీ కారణాలున్నాయి. పిల్లలకు మాత్రం బడి లేకుండా పోయింది.

ఆ తర్వాత నందినీ సుందర్ తదితరులు వేసిన కేసులో బడులు, హాస్టళ్ళ నుంచి బలగాలు ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే ఏడాది జూలై 5 నాటి తీర్పులో, ఆదివాసీ యువకులను కోయ కమాండోలు, ఎస్పీవోల పేరుతో తుపాకులిచ్చి యుద్ధంలోకి దింపడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. అంతంతమాత్రం చదువుకున్న కుర్రవాళ్ళ చేతికి పుస్తకం బదులు తుపాకి ఇవ్వడమేమిటన్నది ఆ తీర్పు సారంలో ఒక భాగం. కూలిన బడుల స్థానంలో పోటా క్యాబిన్ల పేరుతో వెదురు తడికల ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. సుక్మా జిల్లాలోనే జగర్‌గుండాలో బడి 13 ఏళ్ళ తర్వాత 2019లో తిరిగి తెరుచుకుంది. 13 ఏళ్ళంటే ఒకటో తరగతి నుంచి డిగ్రీ మొదటి ఏడాది దాకా. ఒక తరం అక్కడే తెగిపోయింది.

2008లో జగదల్‌పూర్‌లో బస్తర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడది మహేంద్ర కర్మ పేరుతో ఉంది. ఆయన సల్వా జుడుం నాయకుడు, 2013లో దర్భా లోయలో మావోయిస్టుల చేతిలో హత్యకు గురయ్యాడు. హింసలో చనిపోయిన మనిషిని గౌరవించడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ ఉద్యమంలో ఊరు పోగొట్టుకున్న ఇంటి పిల్ల ఆ గేటు మీద పేరు చదివినప్పుడు ఏమనుకుంటుందన్నది కూడా సమ్మిళిత విద్యకు సంబంధించిన ప్రశ్నే.

1990: ఒక తలుపు తెరుచుకుంది, ఒకటి మూసుకుంది

ఇక కాగితం సంగతి. ఇది మన బౌద్ధులకు బాగా తెలిసిన బాధ. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్‌తో పాటు లక్షలమంది బుద్ధుణ్ణి శరణువేడారు. మతం మారగానే కేంద్రం దృష్టిలో వాళ్ళు ఎస్సీలు కాకుండా పోయారు. ఇల్లు అదే, పని అదే, ఊళ్ళో జరిగే అవమానమూ అదే. మారింది కాగితం ఒక్కటే. 34 ఏళ్ళ పోరాటం తర్వాత 1990 జూన్‌లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఎస్సీ ఉత్తర్వులో బౌద్ధులను చేర్చింది. మన పిల్లలు ఆ తర్వాతే బౌద్ధులమని చెప్పుకుంటూ కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఎస్సీ సీటు అడగగలిగారు.

దానికి సుమారు ఒక నెల ముందు, 1990 మే 2న, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మరో తీర్పిచ్చింది. అది మర్రి చంద్రశేఖరరావు కేసు. పిటిషనర్ తెనాలిలో పుట్టిన మన తెలుగు విద్యార్థి, గౌడు తెగవాడు. ఎస్టీ కోటాలో తండ్రికి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో ఉద్యోగం రావడంతో తొమ్మిదేళ్ళ వయసులో బొంబాయి వెళ్ళాడు. అక్కడే చదివి మెడికల్ కళాశాలలో ఎస్టీ సీటు అడిగాడు. ఇవ్వలేదు. రాజ్యాంగం 342వ అధికరణంలో ఏ తెగలైనా "ఆ రాష్ట్రానికి సంబంధించి" షెడ్యూల్డ్ తెగలవుతాయని ఉంది. ఒక రాష్ట్రంలో వెనుకబడిన తెగ మరో రాష్ట్రంలో అలాగే వెనుకబడి ఉండాలని లేదు కాబట్టి, వలస వెళ్ళినవారికి కొత్త రాష్ట్రంలో ఆ హక్కు రాదని ధర్మాసనం తేల్చింది. తమ ఇష్టంతో పనిలేకుండా వెళ్ళాల్సి వచ్చినవారి విషయం చట్టసభలు ఆలోచించదగినదని కూడా చెప్పింది.

లా కాలేజీలో ఈ తీర్పును పరీక్షకు చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాను. అది ఎవరి మెడకు చుట్టుకుంటుందో గోదావరి ఒడ్డున ఆ అమ్మాయి అడిగినప్పుడు తెలిసింది. కోయ అనే పేరు ఛత్తీస్‌గఢ్ జాబితాలోనూ ఉంది, తెలంగాణ జాబితాలోనూ ఉంది. అయినా అటు నుంచి ఇటు వచ్చిన కోయ ఇటు ఎస్టీ కాదు. గొత్తికోయలని పిలుస్తున్న వేలాది కుటుంబాల పిల్లల పరిస్థితి ఇది.

ఆ తీర్పు వెనుక ఒక న్యాయమైన భయం ఉందని కూడా మనం ఒప్పుకోవాలి. బయటివాళ్ళు వస్తే స్థానిక ఆదివాసీల సీట్లు తగ్గిపోతాయన్నది ఆ భయం. భద్రాచలం, ములుగు వైపు కోయలు కూడా ఇదే అంటారు. పోడు భూమి దగ్గర వాళ్ళకూ, వచ్చినవాళ్ళకూ తగాదాలున్నాయి. ఒక పేదవాడి కంచంలోది తీసి ఇంకొక పేదవాడికి పెట్టడం సమ్మిళితం కాదు.

అయితే దారి లేకపోలేదు. కాశ్మీరీ వలస విద్యార్థుల కోసం దేశమంతటా కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో ఉన్న సీట్లకు అదనంగా సీట్లు ఇస్తూ, స్థానికత నిబంధన సడలిస్తున్నారు. అక్కడ ఎవరి వాటా తగ్గలేదు. యుద్ధం వల్ల ఇల్లు వదిలినవారికి ఆ న్యాయం సరైనదే. మరి బస్తర్ నుంచి యుద్ధం వల్లే ఇల్లు వదిలిన ఆదివాసీ పిల్లలకు అదే న్యాయం ఎందుకు లేదు? గీత చెరపడం చట్టానికి కొత్త కూడా కాదు. ఒకప్పుడు ఒకే రాష్ట్రంలో కొన్ని ప్రాంతాల్లో ఎస్టీగా ఉన్న తెగ పక్క ప్రాంతంలో కాకపోయేది. 1976 సవరణ చట్టంతో పార్లమెంటు ఆ ప్రాంతాల గీతలను చాలావరకు తీసేసింది.

గేటు దాటాక

కాగితం దొరికినా ప్రవేశ పరీక్ష ఉంది. 2022 నుంచి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ చేరికకు సీయూఈటీ పెడుతున్నారు. దాన్ని 13 భాషల్లో రాయవచ్చు, అందులో తెలుగు ఉంది. గోండి లేదు, కోయ లేదు. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అన్నవారు 29 లక్షలకు పైగా, కోయ అన్నవారు 4 లక్షలకు పైగా ఉన్నారు. సంస్కృతం అన్నవారు 25 వేల లోపే. సంస్కృతం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉంది, గోండి లేదు. హ్యూయన్ త్సాంగ్ చూసిన ద్వారపండితుడు ఇప్పుడు కంప్యూటర్‌లో కూర్చున్నాడు.

కింది మెట్టులో భాష తెలిసిన ఉపాధ్యాయుడుంటే ఈ ద్వారం ఇంత బరువుగా ఉండేది కాదు. ఏజెన్సీ బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2000లో జీవో 3 తెచ్చింది. మైదానం నుంచి వచ్చే ఉపాధ్యాయులు బడికి సరిగా రాకపోవడం దానికి ఒక ముఖ్య కారణం. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. వంద శాతం చెల్లకపోవచ్చు. పిల్ల భాష ఉపాధ్యాయుడికి వచ్చి ఉండాలన్న నిబంధనకు మాత్రం ఏ తీర్పూ అడ్డు రాదు.

ఇవన్నీ దాటి లోపలికి వెళ్ళినా కథ ముగియదు. 371ఇ అధికరణం కింద 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. అంతకు నాలుగేళ్ళ ముందే, 2012లో, ప్రతి ఉన్నత విద్యాసంస్థలో వివక్షను అడ్డుకునే అధికారి ఉండాలని యూజీసీ నిబంధనలు తెచ్చింది. కాగితం మీద నిబంధన ఉంది, హాస్టల్ బయట గుడారం కూడా ఉంది. 2019లో రోహిత్ తల్లి రాధిక, ముంబైలో ప్రాణం తీసుకున్న ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వీ తల్లి ఆబేదా కలిసి సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ఒకరు తెలుగు తల్లి, ఒకరు భిల్లు తల్లి. వాళ్ళను కలిపింది బిడ్డల చావు.

మనం చేయగలిగింది

చట్టాలు మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. ఇప్పుడున్న చట్టంలోనే కొన్ని దారులున్నాయి. కేంద్ర విశ్వవిద్యాలయాలు ఏ రాష్ట్రపు ఎస్టీ సర్టిఫికెట్‌నైనా ఒప్పుకుంటాయి. విభజన చట్టం 13వ షెడ్యూల్ ఇచ్చిన మాట ప్రకారం ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసింది. విజయనగరంలో ఆంధ్రప్రదేశ్ గిరిజన విశ్వవిద్యాలయం 2019 నుంచే ఉంది. ఛత్తీస్‌గఢ్ సర్టిఫికెట్ ఉన్న పిల్లకు ఈ రెండు చోట్లా ఎస్టీగా హక్కుంది. తండ్రికి సొంత రాష్ట్రం ఇచ్చిన సర్టిఫికెట్ ఉంటే, దాని ఆధారంగా వలస వచ్చిన రాష్ట్రంలోని అధికారి కూడా పిల్లలకు సర్టిఫికెట్ ఇవ్వవచ్చని కేంద్ర హోంశాఖ 1982 నవంబర్ 18 నాటి లేఖ చెబుతుంది. అది రాష్ట్ర కోటాకు పనికిరాదు, కేంద్ర సంస్థలకు పనికొస్తుంది. భూమి కాగితాలు లేనివారి విషయంలో గ్రామసభ తీర్మానాన్ని ఆధారంగా తీసుకునే వీలు ఛత్తీస్‌గఢ్ 2013 నిబంధనల్లో ఉంది. ఖాళీ అయిన ఊరికి గ్రామసభ ఎవరు పెడతారన్నదే చిక్కు. అందుకే ఎవరో ఒకరు తోడు వెళ్ళాలి.

బడి సంగతికి వస్తే, విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు పత్రం లేదని ఏ బడీ పిల్లను వెనక్కి పంపకూడదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనుకబడిన పాఠాలు ప్రత్యేకంగా నేర్పాలి. ఈ మాట ప్రతి గూడెంలో చెప్పవలసిన అవసరం ఉంది.

మన ఉపాసక సంఘాలు ఏటా అంబేద్కర్ జయంతికి ఎంతో ఖర్చు పెడతాయి. భద్రాచలం, చర్ల, చింతూరు, ములుగు చుట్టుపక్కల సంఘాలు ఏడాదికి పదిమంది పిల్లల కాగితాల బాధ్యత తీసుకుంటే చాలు. కుంట దాకా బస్సు చార్జీ, ఒక దరఖాస్తు, ఒక అఫిడవిట్, రెండు మూడు రోజుల ఓపిక. లాయర్లున్నారు, రిటైరైన ఉద్యోగులున్నారు. 34 ఏళ్ళు కాగితం లేక బాధపడినవాళ్ళం. కాగితం లేని పిల్ల ముందు మనకు ఇంకొక కారణం అక్కర్లేదు. స్థానిక కోయ పెద్దలతో కూర్చుని, అదనపు సీట్లు అడుగుతున్నామే తప్ప మీ సీట్లు కాదని చెప్పడం కూడా మన పనే.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, ములుగు జిల్లా మిర్చి తోటల్లో కూలికి వచ్చిన 12 ఏళ్ళ బస్తర్ ఆదివాసీ బాలిక ఒకతె, బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి నడిచి వెళుతూ ఇల్లు ఇంకా చేరకముందే చనిపోయింది. బతికి ఉంటే ఇప్పుడు ఆమెది డిగ్రీ చదివే వయసు. ఆమె మిరపకాయలు ఏరిన జిల్లాలోనే ఇవాళ సమ్మక్క సారక్కల పేరుతో విశ్వవిద్యాలయం ఉంది. ఆ దారిలో ఆమె వెనుక ఇప్పటికీ పిల్లలు కూలికి వస్తూనే ఉన్నారు.

గోదావరి ఒడ్డున నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయికి ఆ ఏడాది సర్టిఫికెట్ తేలేకపోయాను. మరుసటి ఏడాది ఆమె తమ్ముడితో కలిసి నేను కుంట వెళ్ళాను. అతని తండ్రి పేరు మీద పాత కాగితం ఒకటి దొరికింది. అతను ఇప్పుడు చదువుతున్నాడు. అక్క మిర్చి కోతకు వెళుతోంది. ఏడాది ముందు బయల్దేరి ఉంటే ఇద్దరూ చదివేవారు.

బోధిసిరి రాతి మీద చిలాత పేరు చెక్కించి 1,700 ఏళ్ళు దాటింది. దరఖాస్తు ఫారంలో ఆ గడి నింపించడం ఇప్పుడు మన వంతు.

జై భీమ్. నమో బుద్ధాయ.